అంచు చూడండి, ట్యూబు చదవండి

(విశాఖపట్నంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో తామర, ఇతర ఫంగస్ చర్మవ్యాధుల మీద చర్మవైద్యులు ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందు ఆ వెనకాల ఫ్యాన్లు కాస్త పెంచండి బాబూ. ఇవాళ మాట్లాడబోయేదే చెమట గురించి, చెమటలో కూర్చుని వినడం దేనికి.

మన ఊరి గాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున తీగ మీద ఆరేసిన జీన్సు ప్యాంటు సాయంత్రం తీస్తే నడుం పట్టీ దగ్గర, జేబుల దగ్గర ఇంకా చెమ్మగానే ఉంటుంది. అదే తొడుక్కుని బస్సెక్కుతాం. సరిగ్గా ఆ చెమ్మ ఉన్న చోటే, నడుం చుట్టూ, గజ్జల్లో, పిర్రల మీద తామర మొదలవుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఫంగస్‌కి కావలసినవి మూడే: వెచ్చదనం, తడి, తినడానికి కెరటిన్. మూడోది మన చర్మం పై పొరలో, గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే పదార్థం. మొదటి రెండూ సముద్రం పక్కన ఊరికే దొరుకుతాయి.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి, మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. తామర ఫంగస్ బతికేది చర్మంలోని జీవం లేని పై పొరలో. ఆ పొరలోకి రక్తనాళాలు రావు. అందుకే ఒళ్ళు దాన్ని వదిలించుకోవడానికి ముఖ్యంగా ఒకే పని చేస్తుంది: అడుగు నుంచి కొత్త చర్మాన్ని తోసి, పాత పొరను పొట్టుగా రాల్చేస్తుంది. చర్మం అలా పూర్తిగా మారడానికి సుమారు 28 రోజులు పడుతుంది. మందు ఫంగస్‌ని ఎదగనివ్వకుండా పట్టి ఉంచితే, చర్మం దాన్ని బయటికి తోసేస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఐదు రోజులు పూసి దురద తగ్గిందని ట్యూబు మూత పెట్టేస్తే ఏమవుతుంది? దురద తగ్గడం వేరు, తామర పోవడం వేరు.

ఇక గుర్తుపట్టడం. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఫోన్‌లో టార్చి చాలు. లైటు నేరుగా మచ్చ మీద వేయకండి, పక్కనుంచి ఏటవాలుగా వేయండి. అంచు కనబడుతుంది. తామర అంటే అంచే. మచ్చ మధ్యలో చర్మం కాస్త మామూలుగా, లేదా నల్లబారి ఉంటుంది. చుట్టూ అంచు మాత్రం సన్నటి గట్టులా లేచి, దాని మీద చిన్న చిన్న పొక్కులు, తెల్లటి పొట్టు ఉంటాయి. గట్టు రోజురోజుకీ బయటికి జరుగుతుంది. పెన్నుతో అంచు చుట్టూ గీత గీసి వారం తర్వాత చూడండి, గీత దాటి ఉంటుంది. పుస్తకాల్లో బొమ్మలు ఎర్రగా ఉంటాయి, అవి తెల్లవాళ్ళ చర్మం మీద తీసినవి. మన చామనఛాయ మీద ఎరుపు కనబడకపోవచ్చు. గోధుమ రంగో, ఊదా కలిసిన నలుపో కనబడుతుంది. ఎర్రగా లేదు కాబట్టి తామర కాదని అనుకోకండి.

గజ్జల్లో వస్తే ఒక తేడా గమనించండి. తామర తొడ లోపలి వైపు అర్ధచంద్రాకారంలో దిగుతుంది, మగవాళ్ళలో వృషణాల సంచిని సాధారణంగా వదిలేస్తుంది. ఆ సంచి కూడా ఎర్రబడి, మడతలో తడితడిగా ఉండి, పెద్ద మచ్చ బయట అక్కడక్కడా చిన్న చీము పొక్కులు చుక్కల్లా ఉంటే అది క్యాండిడా కావచ్చు. అది ఈస్ట్ జాతి ఫంగస్. షుగర్ ఉన్నవాళ్ళకి, బాగా లావుగా ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి రొమ్ముల కింద, పసిపిల్లలకి డైపర్ కింద ఎక్కువగా వస్తుంది. అలా మాటిమాటికీ వస్తుంటే చర్మం సంగతి తర్వాత, ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.

తామర కానివాటి గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర దురద పెట్టే ప్రతిదాన్నీ తామర అనో గజ్జి అనో అనేస్తాం. గజ్జి అసలు ఫంగసే కాదు, పురుగు. రాత్రిపూట దురద ఎక్కువవుతుంది. చేతివేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు వస్తాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉంటుంది. దానికి తామర మందు నెలల తరబడి పూసినా ప్రయోజనం లేదు. సోరియాసిస్‌లో పొట్టు మందంగా, వెండి రేకుల్లా ఉంటుంది, మోచేతులు, మోకాళ్ళు, తల మీద వస్తుంది. గుండ్రటి ఎగ్జిమా కూడా నాణెంలాగే ఉంటుంది, కానీ మధ్యలో ఖాళీ అవ్వదు, మచ్చ అంతా ఒకే తీరుగా రసి కారుతూనో, ఎండి పగిలిపోయో ఉంటుంది. గజ్జల్లో, చంకల్లో ఇటుక రంగులో చదునుగా ఉండి, దురద పెద్దగా లేని మచ్చ ఎరిత్రాస్మా కావచ్చు. అది బ్యాక్టీరియా. వుడ్స్ లాంప్ అనే దీపం కింద పగడపు ఎరుపులో మెరుస్తుంది.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చాక చాలామందికి తొడలు మండుతూ ఉంటాయి. 32 కిలోమీటర్లు, వానలో తడిసిన బట్టలు, తొడలు ఒరుసుకుపోతాయి. అది ఒరుపు, తామర కాదు. రెండు వైపులా సమానంగా ఉంటుంది, దురద కంటే మంట ఎక్కువ, గట్టులాంటి అంచు ఉండదు. కాస్త వ్యాజిలిన్ రాసి, వదులు బట్టలు కట్టుకుంటే నాలుగైదు రోజుల్లో మానుతుంది. వారం దాటాక మంట పోయి దురద మొదలై, అంచు లేచిందనుకోండి, ఒరుసుకుపోయిన ఆ చర్మం మీదికి తామర చేరిందని అర్థం.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మచ్చ ఉంది, దురద లేదు, ముట్టుకుంటే స్పర్శ సరిగా తెలియడం లేదు. కళ్ళు మూసుకుని దూదితో తాకించుకుని చూడండి. మచ్చ మీద తాకింది తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో దానికి మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. తామర మందు పూసుకుంటూ నెలలు గడిపేస్తే ఈలోగా నరం దెబ్బతింటుంది.

శోభి సంగతి వేరు. మన వైపు సిబ్బెం అని కూడా అంటారు. మెడ, ఛాతీ, వీపు, భుజాల మీద తెల్లటివో లేత గోధుమ రంగువో చుక్కలు కలిసిపోయి మచ్చలవుతాయి. గోటితో గీకితే సన్నటి పిండిలాంటి పొట్టు లేస్తుంది. బొల్లిలో పొట్టు ఉండదు, తెలుపు కూడా పాలలా ఉంటుంది. శోభి అంటే పెళ్ళి కావలసిన పిల్లల ఇళ్ళలో పెద్ద కంగారు. అంత అవసరం లేదు. శోభిని తెచ్చే మలాసీజియా అనే ఫంగస్ అందరి చర్మం మీదా ఉంటుంది, చెమట ఎక్కువైనప్పుడు రెచ్చిపోతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ తీసుకుని తడి ఒంటి మీద మెడ నుంచి నడుం దాకా రాసి, 5 నిమిషాలు ఉంచి కడిగేయాలి, వరసగా 5 రోజులు. మచ్చలు ఉన్న చోటే కాదు, వీపంతా రాయాలి. ఫంగస్ పోయాక కూడా తెలుపు వెంటనే పోదు. చర్మం మళ్ళీ రంగు పట్టడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గీకితే పొట్టు లేవడం లేదంటే జబ్బు పోయినట్టే, రంగు కోసం మళ్ళీ మళ్ళీ మందు వాడకండి. ఇంకో మాట, తామరకు వాడే టెర్బినాఫిన్ మాత్ర శోభికి పనిచేయదు. పక్కింటివాళ్ళు ఇచ్చారని మింగకండి.

అనుమానం ఉంటే పరీక్ష చాలా తేలిక. మచ్చను స్పిరిట్‌తో తుడిచి, మొద్దు బ్లేడుతో అంచు మీద పొట్టు గీకుతారు. మధ్యలో గీకితే ఏమీ దొరకదు, ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులోనే. గాజు పలక మీద ఆ పొట్టుకి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, ఓ పావుగంట ఆగి మైక్రోస్కోప్ కింద చూస్తే కొమ్మలు వేసిన దారాల్లా ఫంగస్ కనబడుతుంది. గోరైతే గట్టిది కాబట్టి ద్రావణం చిక్కగా ఉండాలి, ఎక్కువసేపు ఆగాలి. కల్చర్ పెడితే, అంటే ఆ పొట్టులోని ఫంగస్‌ని ల్యాబులో పెంచి చూస్తే, ఫలితానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చు. పరీక్షకు వెళ్ళే ముందు కొన్ని రోజులు ఆ చోట ఏ క్రీమూ పూయకండి. పూసి వెళితే ఉన్న ఫంగస్ కూడా కనబడకపోవచ్చు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో, అద్దం పక్క అరలోనో సగం నొక్కిన ట్యూబు ఒకటి ఉండే ఉంటుంది. (నవ్వులు) ఇంటికి వెళ్ళాక దాన్ని తీసి, అద్దాలు పెట్టుకుని చిన్న అక్షరాలు చదవండి. పైన పెద్దగా ఉన్న పేరు కాదు, కింద ఉన్న మందుల పేర్లు. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టీరాయిడ్ క్రీము. కొన్నిటిలో స్టీరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు, మూడు నాలుగు కలిపి ఒకే ట్యూబులో ఉంటాయి. వినడానికి అన్నిటికీ ఒకటే మందు, బాగుంది కదా అనిపిస్తుంది. అక్కడే చెడుతుంది.

స్టీరాయిడ్ చేసేది ఏమిటంటే, ఫంగస్ మీద ఒంటికున్న ప్రతిఘటనను అణిచేస్తుంది. దురద, ఎరుపు అన్నీ ఆ ప్రతిఘటన వల్ల వచ్చేవే కాబట్టి రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఫంగస్‌కి మాత్రం అడ్డు పోయింది. లోపల పాకుతూనే ఉంటుంది. మందు ఆపగానే దురద రెట్టింపై తిరిగి వస్తుంది, మళ్ళీ అదే ట్యూబు కొంటాం. ఇలా మూడు నాలుగు నెలలు జరిగాక తామర రూపం మారిపోతుంది. ఒక వలయంలో ఇంకో వలయం, దాని లోపల మరొకటి. లేదా అంచే లేకుండా చెదిరిపోయి, ఎగ్జిమాలా కనబడుతుంది. అప్పుడు చర్మవైద్యులకు కూడా గుర్తుపట్టడం కష్టమే. గజ్జల్లో చర్మం అసలే పల్చన. అక్కడ స్టీరాయిడ్ పూస్తే చర్మం ఇంకా పల్చబడి, కడుపుతో ఉన్నవాళ్ళ పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు జన్మంతా ఉండిపోతాయి. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టీరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద రూలు అది. మందుల షాపుకి వెళ్ళి "దురదకి ఏదైనా మంచి ట్యూబు ఇవ్వు తమ్ముడూ" అని మనమే అడిగితే ఆ తమ్ముడు మాత్రం ఏం చేస్తాడు, త్వరగా తగ్గేదే ఇస్తాడు.

స్టీరాయిడ్ ట్యూబు ఆపేశాక ఒకటి రెండు వారాలు దురద, ఎరుపు బాగా ఎక్కువవుతాయి. ఇది ముందే తెలిసి ఉండాలి. తెలియక, కొత్త డాక్టరు మందు పడలేదని మళ్ళీ పాత ట్యూబు దగ్గరికే వెళతారు. ఆ రోజులు గడవడానికి రాత్రిపూట దురద మాత్ర రాయించుకోవచ్చు, చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేసుకుని, తర్వాత బాగా తుడుచుకోవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది తామర ఇంత మొండిగా తయారవడానికి. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా కనబడే ఫంగస్ పాతది కాదు. 2020లో జపాన్ పరిశోధకులు దీనికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, పేరులోనే మన దేశం ఉంది. గర్వపడే విషయమేం కాదు. ఇందులో చాలా రకాలు టెర్బినాఫిన్‌కి లొంగవు. ఆ మందు దెబ్బ కొట్టే ఎంజైమ్ ఉంటుంది, స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అని. దాని జన్యువులో మార్పు రావడంతో మందు అతుక్కోవలసిన చోట అతుక్కోదు. పదిహేనేళ్ళ కిందట రెండు వారాల్లో తగ్గిన జబ్బు ఇప్పుడు రెండు నెలలు ఎందుకు పడుతోందని అడిగేవాళ్ళకి సగం జవాబు ఇది. మిగతా సగం మీ ఫ్రిజ్ మీద ఉంది.

సరే, సరైన క్రీము ఎలా పూయాలి. లులికొనజోల్ 1 శాతం అయితే రోజుకి ఒకసారి, క్లోట్రిమజోల్ 1 శాతం అయితే రెండుసార్లు. ఏది వాడాలన్నది డాక్టరు చెబుతారు, ఎంత పూయాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. తప్పంతా అక్కడే జరుగుతుంది. చూపుడు వేలు చాపండి. వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి ఒక పట్టీలా పిండండి. అది సుమారు అర గ్రాము. అర గ్రాము క్రీము మీ అరచేతులు రెండింటి వైశాల్యానికి, వేళ్ళతో కలిపి, సరిపోతుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. ఒకాయనకి రెండు గజ్జల్లోనూ, రెండు పిర్రల మీదా తామర ఉంది. తొడకి ఒక అరచేయి చొప్పున రెండు, పిర్రకి రెండు చొప్పున నాలుగు, మొత్తం ఆరు అరచేతులు. అంటే మూడు వేలికొసల క్రీము, ఒకటిన్నర గ్రాము. రోజుకి రెండుసార్లయితే 3 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు ఐదు రోజుల్లో అయిపోవాలి. ఆరు వారాలకి 126 గ్రాములు, అంటే 30 గ్రాముల ట్యూబులు నాలుగు చాలవు. నెల కిందట కొన్న 15 గ్రాముల ట్యూబు ఇంకా మిగిలి ఉందంటే, మందు పూయలేదని లెక్క, వాసన చూపించారంతే.

అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా మామూలుగా కనబడే చర్మం మీద కూడా పూయండి, ఫంగస్ కంటికి కనబడే గట్టు కంటే ముందుకి వెళ్ళిపోయి ఉంటుంది. బయట నుంచి లోపలికి పూయండి. గట్టు, పొట్టు పూర్తిగా పోయాక కూడా ఇంకో రెండు వారాలు పూయండి. స్నానం చేసి, తుడుచుకుని, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరి, అప్పుడు. తడి ఒంటి మీద క్రీము పూస్తే మడతలో నాని చర్మం తెల్లగా చివికిపోతుంది.

ఇక ఇంటి వైద్యాల్లో కొన్ని హాని చేయవు, కొన్ని ఆసుపత్రిలో పడేస్తాయి. జిల్లేడు పాలు, నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద, కిరోసిన్, బ్యాటరీ యాసిడ్. ఇవి పూస్తే చర్మం కాలుతుంది. తామర మీద మంట పెడితే దురద తెలియదు కాబట్టి తగ్గిందనిపిస్తుంది. బెంజాయిక్, శాలిసిలిక్ యాసిడ్లు కలిసిన పాతకాలపు ఆయింట్‌మెంటు అరికాలు లాంటి మందపాటి చర్మానికి పనికొస్తుంది, గజ్జల్లో పూస్తే పుండు పడుతుంది.

మాత్రలు. ఒంట్లో చాలా చోట్ల ఉన్నా, స్టీరాయిడ్ వాడి ఉన్నా, తలలోనో గోళ్ళలోనో ఉన్నా క్రీము ఒక్కటే చాలదు. ఎక్కువగా వాడేవి ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్. ఎన్ని రోజులు, ఎంత డోసు అనేది డాక్టరు పని, సాధారణంగా నాలుగు వారాలకు తక్కువ ఉండదు, తరచూ ఎనిమిది వారాల దాకా వెళుతుంది. మీ పని ఏమిటంటే సరిగ్గా వేసుకోవడం. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. అందుకే అన్నం తినగానే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో కాదు. మన ఇళ్ళలో పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర మింగేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తనక్కర్లేదు. (నవ్వులు) పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గించేస్తాయి, క్యాప్సూల్ సరిగా ఒంటపట్టదు. డబ్బు పోయింది, తామర అలాగే ఉంది. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారని డాక్టరుకి ముందే చెప్పండి. గుండె సరిగా పంప్ చేయని జబ్బు ఉన్నవాళ్ళు ఇట్రాకొనజోల్ వేసుకోకూడదు. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్, అటార్వాస్టాటిన్ వాడేవాళ్ళు దీన్ని వేసుకుంటే ఆ కొలెస్ట్రాల్ మందు రక్తంలో పేరుకుపోయి కండరాలు దెబ్బతినవచ్చు. రక్తం పల్చబడే మాత్రలు, బీపీ మాత్రలు కూడా కొన్ని దీనితో పడవు. వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి, పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి రెండు మందులూ ఇబ్బందే, కాబట్టి లివర్ పరీక్ష చేయించమంటే చేయించండి. టెర్బినాఫిన్ వేసుకునేవాళ్ళకి కొందరికి నాలుక రుచి పోతుంది, అలా అయితే ఆపి డాక్టరుకి చెప్పాలి.

బట్టల సంగతి ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చే తామరలో చాలావరకు ఇంట్లోంచే తిరిగొస్తుంది. రాలిన పొట్టులో ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికి ఉంటాయి. తామర ఉన్నవాళ్ళ బట్టలు, తువ్వాలు, దుప్పటి వేరే బకెట్లో నానబెట్టండి. బాగా వేడి నీళ్ళు, 60 డిగ్రీల దాకా, చెయ్యి పెట్టలేనంత వేడి. ఉతికి, లోపలి వైపు బయటికి తిప్పి ఎండలో వేయండి. ముసురు రోజుల్లో ఎండ లేదంటే ఇస్త్రీ పెట్టె ఉంది, లోదుస్తుల కుట్లు, నడుం పట్టీ, ప్యాంటు గజ్జల దగ్గర వేడిగా లాగండి. తువ్వాలు ఇంట్లో ఎవరిది వాళ్ళకే. హాస్టల్లో ఉండే పిల్లలు ఒకరి షార్ట్ ఒకరు వేసుకోవడం వల్ల గదిలో నలుగురికీ వస్తుంది.

మొలతాడు. చాలామంది ఈ మాట అనడానికి మొహమాటపడతారు. నూలు దారం ఎప్పుడూ తడిగానే ఉంటుంది, నడుం చుట్టూ ఉన్న తామరకి అదే గూడు. తామర ఉన్నన్నాళ్ళూ తీసేయండి. ఆచారం కుదరదంటే వెండిది కట్టుకోండి, స్నానానికి తీసి సబ్బుతో తోమి, తుడిచి మళ్ళీ కట్టుకోండి. పాతది ఉతికి మళ్ళీ కట్టుకోవడం మాత్రం వద్దు. ఇంట్లో ఎంతమందికి దురద ఉందో అడిగి, ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. ఆయనకి తగ్గి, ఆవిడకి ఉంటే, నెల్లాళ్ళలో ఆయనకి మళ్ళీ వస్తుంది.

కాళ్ళ గురించి. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు, చేపలు దింపేవాళ్ళు, రొయ్యల ప్లాంట్లలో చేసేవాళ్ళు, స్టీల్ ప్లాంటులో బూట్లు వేసుకుని ఎనిమిది గంటలు నిలబడేవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, వీళ్ళందరికీ కాలి నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య మొదలవుతుంది. చర్మం తెల్లగా నాని, పగిలి, వాసన వస్తుంది. గమ్‌బూట్లు రెండు జతలు ఉంటే రోజు మార్చి రోజు వాడండి, ఒక జత ఆరడానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. నూలు మేజోళ్ళు డ్యూటీ మధ్యలో ఒకసారి మార్చండి. వేళ్ళ సందులు తువ్వాలు కొసతో విడివిడిగా తుడవాలి, ఇది ఎవరూ చేయరు. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ పగులు లోంచి బ్యాక్టీరియా లోపలికి పోయి కాలంతా ఎర్రగా వాచి, జ్వరం వస్తుంది. అప్పుడిక క్రీముల పని కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు అరికాళ్ళూ, ఒక్క అరచేయి మాత్రం పొట్టు లేస్తుంటే కూడా తామర అనుమానించండి. కాళ్ళు గోకిన చెయ్యి అది.

గోళ్ళ గురించి రెండు ముక్కలు. కాలి గోరు నెలకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. మందు మూడు నెలలు వాడినా, పాడైన గోరు పూర్తిగా బయటికి వెళ్ళి కొత్తది రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మూడు నెలలకి గోరు చూసుకుని మందు పనిచేయలేదని నిరాశ పడకండి, అడుగున కొత్తగా వస్తున్న పట్టీ శుభ్రంగా ఉందా లేదా చూడండి.

ఇక ప్రశ్నలు అడగండి.

మా గుంటడికి తలలో ఓ చోట జుట్టు ఊడిపోయిందండీ, చీము పట్టింది. కోయించాలా ఏటి?

కోయించకండమ్మా. పిల్లల తలలో తామర వస్తే వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్ల చుక్కల్లా కనబడతాయి. కొందరికి మెత్తగా వాచి, చీము కారుతుంది. చూడ్డానికి సెగ్గడ్డలా ఉంటుంది కానీ, కోస్తే మచ్చ పడి అక్కడ జుట్టు మళ్ళీ రాదు. తలలో ఫంగస్ వెంట్రుక లోపల ఉంటుంది, క్రీము అక్కడికి చేరదు. నోటి మందే కావాలి, బరువుని బట్టి డోసు, గ్రైసియోఫల్విన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆ మందు పాలతోనో, నెయ్యి వేసిన అన్నంతోనో ఇస్తే బాగా ఒంటపడుతుంది. దువ్వెన, టోపీ, దిండు గలేబు వేరు చేయండి. ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా చూపించండి. ఇంట్లో పిల్లి ఉందా? ఉంటే దానికి బొచ్చు ఊడిన చోట్లు ఉన్నాయేమో చూడండి, పిల్లుల నుంచి కూడా వస్తుంది.

మా కోడలికి ఐదో నెల. నడుం చుట్టూ తామర. మందు వాడొచ్చా?

మాత్రలు వద్దు, కాన్పయ్యేదాకా ఆగవచ్చు. క్లోట్రిమజోల్ క్రీము గర్భిణులు వాడుకోవచ్చు, ఆవిడ్ని చూసే డాక్టరుకి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. చీర, లంగా బొందు బిగించే చోటే వస్తుంది ఎక్కువగా. ఇంట్లో నైటీ వేసుకోనివ్వండి, బొందు రోజూ కాస్త పైకో కిందికో కట్టుకోమనండి.

వేపాకు నీళ్ళు, యాంటీసెప్టిక్ సబ్బులు, పౌడర్లు?

వేపాకు నీళ్ళతో స్నానం చేస్తే నష్టం లేదు, అదే వైద్యం అనుకుంటేనే నష్టం. ఘాటు సబ్బులు చర్మాన్ని ఎండబెట్టి దురద పెంచుతాయి, మామూలు సబ్బు చాలు, స్క్రబ్బరుతో తోమకండి. ఫంగస్ పౌడరు తగ్గాక మళ్ళీ రాకుండా వేళ్ళ సందుల్లో, బూట్లలో చల్లుకోవడానికి బాగుంటుంది. తడిగా ఉన్న మడతలో చల్లితే ముద్ద కట్టి ఒరుసుకుంటుంది.

మందు రెండు నెలలు వాడానండీ. దురద లేదు, కానీ గజ్జల్లో నల్లగా అలాగే ఉంది. ఇంకా తామర ఉన్నట్టేనా?

పొట్టు ఉందా? వేలితో తడిమితే గట్టులా తగులుతుందా? లేదు కదా. చదునుగా, నునుపుగా, దురద లేకుండా ఉన్న నలుపు తామర కాదు, తామర వదిలి వెళ్ళిన రంగు. నెలల మీద దానంతట అదే పలచబడుతుంది. తెల్లబరిచే క్రీములు పూయకండి, వాటిలో మళ్ళీ స్టీరాయిడ్ ఉండవచ్చు. గట్టు, పొట్టు పోయాక ఇంకో రెండు వారాలు క్రీము పూయమన్నాను కదా, అది పూర్తి చేసి ఆపేయండి. అప్పుడప్పుడు ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూసుకోండి, గట్టు మళ్ళీ లేస్తే రండి.